దేవదారు నూనెతో తలంటు

అమీర్‌పేటలో పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళకి డెమో అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు ఒక ఉచిత క్లాసు ఉంటుంది, పొద్దున్న ఏడింటికి. పిల్లలు వస్తారు, వింటారు, నచ్చితే చేరతారు, నచ్చకపోతే మెట్లు దిగి పక్క బిల్డింగులో ఇంకో డెమోకి వెళ్తారు. ఆ గంటలో ఏం చెప్పానన్నది ఎంత ముఖ్యమో, ఎలా నిలబడ్డానన్నదీ అంతే ముఖ్యం. గొంతు వణికిందా, బ్యాచ్ పోయినట్టే. పదిహేడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతున్నాను. అన్నేళ్ళూ వణకని గొంతు పోయిన మార్చిలో వణికింది.

ఇప్పుడు నవంబరు. కాస్త తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను. డాక్టర్లు రాయాల్సినవి నేను రాయను, నాకు తెలియవు కూడా. నాకెలా అనిపించింది, ఇంట్లో ఏమైంది, ఒక చిన్న సీసా నూనెతో నేను చేసిన తెలివితక్కువ పని ఏంటి, అంతవరకే. చదివినవాళ్ళలో ఒక్కరైనా పొయ్యి మీద గిన్నె పెట్టేముందు ఆగితే నాకు చాలు.

మార్చి

ఆ రోజు బోర్డు మీద లాగిన్ పేజీ బొమ్మ గీశాను. ప్రతి డెమోలోనూ గీసేదే. పేరుకి ఒక గడి, పాస్‌వర్డుకి ఒక గడి. ఈ రెండు గళ్ళనీ ఎన్ని రకాలుగా పరీక్షించొచ్చో చెప్పండి అంటాను. పిల్లలు నాలుగు చెబుతారు, నేను నలభై చూపిస్తాను, అక్కడ పడిపోతారు. ఇన్నేళ్ళుగా అదే మంత్రం.

ఆ రోజు ఆరోదో ఏడోదో చెబుతుండగా గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. చేతులు చల్లబడ్డాయి. నోట్లో తడి లేదు. గదిలో ముప్పైమంది ఉన్నారు, వాళ్ళ గుసగుసలు ఎక్కడో దూరం నుంచి వినబడుతున్నాయి. చచ్చిపోతున్నానని నమ్మాను. అనుకోవడం కాదు, నమ్మడమే. ఒక్క నిమిషం అని బయటికొచ్చి మెట్ల దగ్గర జిరాక్స్ షాపు ముందు కూలబడ్డాను. ఆ షాపావిడ నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, మళ్ళీ వెళ్ళి తన కాగితాలు తను తీసుకుంది, ఏమీ అడగలేదు. ఆ అడక్కపోవడానికి ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. పావుగంట తర్వాత క్లాసులోకి వెళ్తే పన్నెండు మంది మిగిలారు. చేరింది ముగ్గురు.

మా ఆయన ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఫోన్ చేస్తే ఆటోలో వచ్చేసి సోమాజిగూడలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ రోజంతా నా ఒంటికి వైర్లు, నా హ్యాండుబ్యాగు ఆయన ఒళ్ళో. గుండె భేషుగ్గా ఉందని సాయంత్రానికి తేల్చారు. ఆయన మొహం విచ్చుకుంది. నాకు మాత్రం ఇంకో భయం మొదలైంది. గుండె బాగుంటే మరి ఆ వచ్చినదేంటి? అక్కడి కుర్ర డాక్టరు ఒక చీటీ మీద వేరే డాక్టరు పేరు రాసి, మడిచి, నాకు మాత్రమే కనబడేలా చేతిలో పెట్టాడు. పేరు పక్కనే సైకియాట్రీ అని ఉంది.

ఇక్కడ మా ఇళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మాది తెనాలి వైపు. మా ఇళ్ళల్లో జబ్బుల్ని అసలు పేరుతో పిలవరు. మా పెద్దనాన్నకి మూర్ఛలొచ్చేవి, ఇంట్లో దాన్ని కళ్ళు తిరగడం అనేవాళ్ళు. మా పిన్ని ఆర్నెల్లు క్షయకి మందులు వాడింది, ఊళ్ళో అందరికీ అది నెమ్ము. పేరు బయటికొస్తే పెళ్ళిళ్ళు చెడిపోతాయని ఒక భయం, పెళ్ళయ్యాక ఇంకేం చెడుతుందో తెలియకపోయినా అదే అలవాటు. నేనూ ఆ ఇంటి పిల్లనే కదా. ఆటోలో ఆయన చీటీ గురించి అడిగితే బీపీ అన్నాను. కాసేపు రోడ్డు వంక చూసి, ఉప్పు తగ్గిద్దాంలే అన్నారు.

ఏప్రిల్, మే

సైకియాట్రీ డాక్టరు గది బయట కూర్చున్నంతసేపూ చున్నీ మొహానికి చుట్టుకున్నాను, దుమ్మూ ఎండా అన్న సాకుతో. ఏసీ గదిలో దుమ్మేంటి, నా మొహం. నాలాగే ఇంకో ముగ్గురున్నారు అదే వేషంలో. అందరం ఫోన్లు చూసుకుంటూ కూర్చుని, పేరు పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడేవాళ్ళం. ఒకావిడ మాత్రం హాయిగా మొహం విప్పుకుని, కూతురికి జడ వేస్తూ, ఇక్కడికి నాలుగేళ్ళుగా వస్తున్నానండీ అని ఎవరడక్కపోయినా చెప్పింది. ఆవిడ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

డాక్టరు మాటలు తక్కువ మనిషి. మీకు వచ్చేది పానిక్, దీనివల్ల ప్రాణం పోదు, పోతున్నట్టు మాత్రం ఉంటుంది అంది. మాత్ర రాసింది. అది నిద్రమాత్ర కాదని, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, మీ అంతట మీరు ఆపొద్దని చెప్పింది. శ్వాస ఎలా తీసుకోవాలో నేర్పింది. నేను బుద్ధిగా తలాడించి వచ్చాను. పన్నెండు రోజులు వేసుకున్నాను. పొద్దున్నే మగతగా ఉండేది, అరచేతులు చెమట పట్టేవి. నేను నా అంతట నేనే ఆపేశాను. మిగిలిన మాత్రల అట్ట బట్టల బీరువాలో నా పట్టుచీరల కింద దాచాను. ఆ చీరలు తీసేది నేనొక్కదాన్నే కాబట్టి ఎవరికీ కనబడదని నా లెక్క.

మే నెలలో ఇంకో డెమో పోయింది. ఈసారి బయటికి పరుగెత్తలేదు, కానీ బోర్డు పట్టుకుని నిలబడిపోయాను. మా ఇన్‌స్టిట్యూట్ నడిపే రమేశ్ సార్ మంచివాడే, నిజామాబాద్ మనిషి, ఏదైనా మొహం మీదే చెబుతాడు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటేనే నాకు అర్థమైపోయింది.

"మేడమ్, రెండు డెమోలు పోయినయ్," అన్నాడు. "గీ జూన్ బ్యాచ్ సుత పోతే నేను వేరేటోళ్లని పెట్టుకోవాలె. ఏమనుకోకుర్రి."

ఏమనుకుంటాను? ఆయన వ్యాపారం ఆయనది. అమీర్‌పేటలో నా ఫోటో ఉన్న ఫ్లెక్సీ ఒక్కటే ఉంది, అది కూడా సగం కరెంటు తీగల వెనక. అది దిగిపోతే ఇంకో చోట నలభై ఏడేళ్ళ మనిషికి కొత్త ఫ్లెక్సీ ఎవరు కడతారు? మా అమ్మాయి వరంగల్‌లో చదువుతోంది. అయినా జీతం ఒక్కటే కాదు భయం. పాఠం చెప్పకపోతే నేనెవర్నో నాకు తెలియదు. ఆ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

జూన్

పంజాగుట్టలో మా సందు మొదట్లో ఖాదర్ భాయ్ అత్తరు దుకాణం. ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. గోడంతా చిన్నచిన్న గాజు సీసాలు. దేవుడి దగ్గరికి సాంబ్రాణి ఆయన దగ్గరే కొంటాను, కాబట్టి పదేళ్ళ పరిచయం. గోరింటాకు పెట్టిన గడ్డం, నెమ్మదైన మాట. ఆ రోజు నా మొహం చూసి ఏం మేడమ్, తబియత్ బాగలేదా అన్నాడు. నిద్ర పట్టట్లేదన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన ఒక సీసా మూత తీసి, గాజు పుల్లతో దూది మీద ఒక్క చుక్క తాకించి ఇచ్చాడు. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన. దేవదారు చెక్క నూనె అట. ఆ వాసనకి ఊపిరి దానంతటదే లోపలిదాకా వెళ్ళింది, భుజాలు కిందికి దిగాయి. మూడు నెలల్లో మొదటిసారి.

సీసా ఇచ్చేముందు ఆయన పెద్ద పాఠమే చెప్పాడు. ఆ మాటలు అలాగే రాస్తాను, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో ఆయన తప్పు వీసమెత్తు లేదు.

"ఇది అత్తరు గాదు మేడమ్, అసలు నూనె. అత్తరు లెక్క ఒంటికి పూసుకోవద్దు. తాగుడు అసలే వద్దు. చెంచా కొబ్బరి నూనెల రెండు చుక్కలు కలిపి, ముందుగాల మోచెయ్యికాడ జర రాసి ఒక దినం చూడుర్రి. దద్దు లేస్తే బంద్ చెయ్యిర్రి. ఇంట్ల చిన్న పిల్లలు, కడుపుతోని ఉన్నోళ్లు ఉన్నరా? దమ్ము ఉన్నోళ్లు?"

దమ్మంటే ఉబ్బసం. లేరన్నాను. మా ఆయనకి కాస్త జలుబు తత్వం, అంతేనన్నాను. మా అత్తగారు పెళ్ళిచూపుల్లో చెప్పిన మాట అది. అబ్బాయికి చన్నీళ్ళు పడవమ్మా, జలుబు తత్వం. ఇరవై రెండేళ్ళుగా నేనూ అదే అంటున్నాను. చలికాలం ఆయన దగ్గుతారు, నేను మిరియాల పాలు కాస్తాను, ఆయన తాగుతారు. అందులో ఇంకేదైనా ఉంటుందని ఒక్కసారి కూడా అడగలేదు.

జూన్ డెమోకి దూది ముక్కని చేతిరుమాల్లో పెట్టుకుని వెళ్ళాను. మెట్ల మీద ఒకసారి, క్లాసు గుమ్మంలో ఒకసారి వాసన చూశాను. దడ రాలేదు. నలభై టెస్టులూ చెప్పాను. ఇరవై రెండు మంది చేరారు. రమేశ్ సార్ మళ్ళీ టీ తెప్పించాడు, ఈసారి సమోసాతో. నూనె వల్లో, ముందురోజు వానకి ఊరు చల్లబడినందుకో, ఇంకెందుకో, నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కసారి పాసైతే పాసైనట్టు కాదని క్లాసులో రోజూ చెప్పే మనిషిని. అయినా ఆ సాయంత్రం ఖాదర్ భాయ్ దగ్గర ఇంకో సీసా కొన్నాను.

జులై

ఆ నెలంతా మా ఇల్లు వడ్రంగి కొట్టులా ఉంది. అమ్మాయికి నూనె సంగతి చెబితే మురిసిపోయి డిఫ్యూజరు ఆర్డరు పెట్టింది. నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే పొగమంచులా వదులుతుంది. నేను పది వేసేదాన్ని. గంట చాలని కాగితంలో రాసుంది, నేను పడుకున్నంతసేపూ తిరిగేది. నాలుగు చుక్కలతో ఇంత బాగుంటే పదింటితో ఎంత బాగుండాలి అన్నది నా తర్కం.

మోచేతి దగ్గర రాసి చూడటం కూడా మానేశాను. పాఠం ముందు కణతలకీ చెవుల వెనకా ఏమీ కలపకుండానే రాసుకునేదాన్ని. పది రోజులకి చెవుల వెనక ఎర్రగా పొక్కి, దురద, మంట. చెమటకాయ అని చెప్పాను అందరికీ. దానికీ ఒక దొంగ పేరు పెట్టేశానన్నమాట. పొక్కులు కనబడకుండా జుట్టు విరబోసుకుని క్లాసుకి వెళ్తే, పిల్లలు మేడమ్ స్టైలు మార్చారన్నారు.

మా ఆయన హాల్లో పడుకోవడం మొదలుపెట్టారు. ఏసీ చలి పడట్లేదన్నారు. పేపరు చదవడానికి బాల్కనీలోకి వెళ్ళేవారు, వాన జల్లు కొడుతున్నా అక్కడే. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవారు. ఒకరోజు కూరగాయలకి వెళ్తే, మెట్రో కింద సిమెంటు దిమ్మ మీద ఊరికే కూర్చుని కనబడ్డారు. ఏంటండీ ఇక్కడ అంటే గాలి బాగుందన్నారు. పంజాగుట్ట చౌరస్తాలో గాలి బాగుందట. నాకు అనుమానం రాలేదా అంటే, ఏమో, వచ్చి ఉండొచ్చు. కానీ నిద్ర పడుతోంది. క్లాసులో నిలబడగలుగుతున్నాను. ఇంకేదీ నా కంటికి ఆనలేదు. అది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆగస్టు, ఒక ఆదివారం

పొద్దుట్నుంచీ ముసురు. కిటికీలన్నీ వేసేశాం. మా వైపు ఆదివారం తలంటు అంటే నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, మాడు మీద చెయ్యి వేసి చరుస్తూ పట్టించడం. ఏ నూనె దొరికినా మేం చేసేది అదే, తల మీదికి తీసుకెళ్ళడం. నూనె గిన్నె పొయ్యి మీద పెట్టాను. అది వేడెక్కాక, మనసులో ఏం పుట్టిందో, దేవదారు సీసా తీసి సగం దాకా ఒంపేశాను. గుప్పున లేచింది ఘాటు. నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి. అది భగ్గున అంటుకునే నూనె అని కూడా తెలియదు నాకు, మంట పక్కనే సీసా పట్టుకుని నిలబడ్డాను.

మీరూ రండి, పట్టిస్తాను అని పిలిచాను. ఈ నెలరోజులూ నా గొడవలో పడి ఆయన్ని పట్టించుకోలేదన్న బాధ కొంచెం ఉంది. నాకు పనిచేసింది ఆయనకీ పనిచేస్తుందని, హాయిగా పడుకుంటారని. ఆయన గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. తర్వాత చొక్కా విప్పి వచ్చి పీట మీద కూర్చున్నారు. రెండు చేతులతో పట్టించాను. మాడు, మెడ, వీపు. చాలా రోజుల తర్వాత ఆయన్ని ముట్టుకున్నానని అనిపించింది. సంతోషంగానే ఉన్నాను ఆ పది నిమిషాలూ.

ఆయన ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. నిద్రొస్తోందేమో అనుకున్నాను. తర్వాత ఈల లాంటి శబ్దం వినబడింది. ఎక్కణ్ణుంచా అని కుక్కరు వంక చూశాను. ఆయన ఛాతీలోంచి. పెదాలు రంగు మారాయి. మాట్లాడబోతే ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి కావాల్సి వచ్చింది. చేత్తో ఆఫీసు బ్యాగు చూపించారు. అందులో, టిఫిన్ డబ్బా కింద, నీలం రంగు పంపు. ఉబ్బసం వాళ్ళు నోట్లో పెట్టుకుని కొట్టుకునేది. అది పదిసార్లు కొట్టినా చాల్లేదు.

కింద వాచ్‌మన్ ఆటో ఆపాడు. సోమాజిగూడ పది నిమిషాల దారి. ఒళ్ళంతా నూనె కారుతున్న మనిషి మీద టవలు కప్పి, పడిపోకుండా పట్టుకుని కూర్చున్నాను. నా చేతులకీ అదే వాసన. ఆయన నా వైపు తిరగకుండా మొహం బయటికి పెట్టుకున్నారు, వాన మొహం మీద పడుతున్నా.

క్యాజువాల్టీలో నర్సమ్మ ముందు నన్ను బయటికి పంపింది. వెళ్ళి చేతులు కడుక్కుని రామ్మా, ఆ ఘాటుతో దగ్గరికి రాకండి అంది. బాత్‌రూములో సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. వాసన పోలేదు. మళ్ళీ కడిగాను. లోపల ఆయన తల మీదా వీపు మీదా నూనె వాళ్ళే తుడిచారు. నేను గుమ్మం బయట నిలబడి, ఫారం నింపడానికి నర్సమ్మ అడుగుతుంటే వింటున్నాను.

ఆస్తమా ఎప్పట్నుంచి అని అడిగిందామె. నోటికి మాస్కు ఉంది కాబట్టి ఆయన వేళ్ళు చూపించారు. తొమ్మిది. తొమ్మిదేళ్ళ నుంచా అంది. కాదని తలూపి, చెయ్యి నేలకి కొంచెం ఎత్తులో పెట్టి చూపించారు. తొమ్మిదేళ్ళ పిల్లాడంత ఎత్తు.

సాయంత్రానికి తేరుకున్నారు. వాన తగ్గింది. మంచం పక్కన కాకుండా కాళ్ళ వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇంకా వాసనొస్తానేమోనని. చెప్పొచ్చు కదండీ అన్నాను. మామూలుగానే అడిగాను, ఏడవలేదు.

"నీకు నిద్ర పడుతోంది కదా అని ఊరుకున్నాను," అన్నారు. "చెబితే ఆపేసేదానివి."

"ఈ పొద్దున పీట మీద కూర్చున్నారేంటి మరి?"

"నువ్వు పిలిచావు. ఆర్నెల్ల తర్వాత నీ మొహంలో నవ్వు చూశాను."

నీకు బీపీ కాదని నాకు మార్చిలోనే తెలుసు శారదా అన్నారు. చీటీ ఆటోలోనే, నేను బ్యాగులో పెట్టేటప్పుడు చదివారట. పట్టుచీరల కింద మాత్రలు కూడా చూశారు, ఎవరిదో పెళ్ళికి వెళ్ళడానికని తన ధోవతీ వెతుకుతుంటే. లెక్కపెట్టి, నేను మానేశానని కనిపెట్టారు. నాకు తెలుసని నీకు తెలిస్తే ఇంకా కుంగిపోతావేమోనని అన్నారు. నాకు కోపం, దుఃఖం, సిగ్గు, ఏది ముందొచ్చిందో చెప్పలేను. కోపమే ముందొచ్చింది. ఈ మనిషి పోయుంటే, నన్ను నొప్పించకుండా పోయుండేవాడు. ఆ కోపం నాకింకా ఉంది.

సెప్టెంబరు

సైకియాట్రీ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఆయనతో. చున్నీ చుట్టుకోలేదు. మాత్రలు మానేశానని, నూనె సంగతి, తలంటు సంగతి అన్నీ చెప్పేశాను. ఆమె తిట్టలేదు. వాసన నచ్చితే అప్పుడప్పుడు చూడండి, కొందరికి మనసు కుదుటపడుతుంది, తప్పేం లేదు అంది. కానీ అది మాత్రకి బదులు కాదు. చర్మానికైతే ఏదో ఒక నూనెలో బాగా పలచన చేసి, ముందు కొంచెం చోట చూసి. వేడి చెయ్యకూడదు. ఆస్తమా ఉన్న ఇంట్లో మూసిన గదిలో అసలే వద్దు. వింటుంటే నవ్వొచ్చింది. మాత్ర మాట, వేడి మాట తప్ప మిగతాదంతా ఖాదర్ భాయ్ జూన్‌లో చెప్పినదే.

ఖాదర్ భాయ్‌కి జరిగింది చెప్పాను. చేతిలోని గాజు పుల్ల పక్కన పెట్టేశాడు. నేను అడిగిన కదా మేడమ్ అనొచ్చు, అనలేదు. సార్ ఎట్లున్నరు అని మాత్రం అడిగాడు. ఇప్పుడు మేమిద్దరం ఆ దారిన వెళ్తే, దుకాణం వదిలి పది అడుగులు ముందుకొచ్చి, ఫుట్‌పాత్ మీదే సలాం చెప్పి వెళ్తాడు. తన ఒంటి మీది అత్తరు వాసన కూడా మా ఆయనకి తగలకుండా గాలికి అవతలి పక్కనే నిలబడతాడు.

డిఫ్యూజరు అటకెక్కింది. దుప్పట్లు, కర్టెన్లు రెండేసిసార్లు ఉతికాం. మాత్ర మళ్ళీ మొదలైంది, మగతతో సహా. ఇద్దరి మందులూ డైనింగ్ టేబుల్ మీద ఒకే డబ్బాలో పెట్టారాయన. ఇంటికొచ్చిన మా ఆడపడుచు ఆ డబ్బా చూసి, ఇవన్నీ ఎవరివి వదినా అంది. చెప్పాను. ఆవిడ గబుక్కున వంటింటి తలుపు దగ్గరగా వేసింది, వినడానికి ఎవరూ లేకపోయినా.

అక్టోబరు

దసరా తర్వాత బ్యాచ్‌కి డెమో. ఆగస్టు గొడవలో ఒక బ్యాచ్ వదులుకున్నాను, కాబట్టి ఇది పోతే రమేశ్ సార్ మాట మీద నిలబడతాడు. మాత్ర ఇంకా పూర్తిగా పట్టలేదని డాక్టరు ముందే చెప్పింది. చేతిరుమాల్లో దూది లేదు. నేనూ వస్తానన్నారు మా ఆయన. పెళ్ళయినప్పట్నుంచీ నా పాఠం ఒక్కసారి వినలేదు. వచ్చి చివరి వరుసలో, ఇంజనీరింగు అయిపోయిన పిల్లల మధ్య, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఏదైనా అయితే లేవొద్దని ముందే మాట తీసుకున్నాను.

లాగిన్ పేజీ గీశాను. తొమ్మిదో టెస్టు దగ్గర మొదలైంది. అదే దడ, అవే చల్లటి చేతులు. గుమ్మం నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆయన మోకాలు కదలడం చూశాను, లేవబోయి ఆగారు. నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బోర్డు ముందే కూర్చున్నాను.

"నాకు పానిక్ అటాక్ వస్తోంది," అన్నాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. "ప్రాణానికేం కాదు, ఐదు నిమిషాల్లో తగ్గుతుంది. వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళొచ్చు. ఉన్నవాళ్ళు ఈ పేజీకి ఇంకా ఎన్ని టెస్టులు వస్తాయో రాస్తూ ఉండండి."

ఎనిమిది మంది లేచి వెళ్ళారు. చెప్పుల చప్పుడు మెట్ల మీద దూరమయ్యేదాకా విన్నాను. తర్వాత పెన్నుల చప్పుడు. నేల మీది టైలు చూస్తూ డాక్టరు చెప్పినట్టు ఊపిరి తీశాను, వదిలాను. ఐదు కాదు, ఏడు నిమిషాలు పట్టింది. లేచి, ఎవరు ఎన్ని రాశారో చెప్పండి అన్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి పదహారు చదివింది. అందులో రెండు నా నలభైలో లేవు. బోర్డు మీద రాసుకుని, అక్కణ్ణుంచి ఎనిమిదింటి దాకా చెప్పాను.

ఎంతమంది చేరతారో సాయంత్రానికి గానీ తెలియదన్నాడు రమేశ్ సార్. మంచిగనే చెప్పిన్రు అని మాత్రం అన్నాడు. టీ తెప్పించలేదు, అది శుభమో అశుభమో తెలియలేదు. మేమిద్దరం మెట్రో స్టేషను వైపు నడిచాం. రోడ్డంతా దుమ్ము, అడుగడుక్కీ మనుషులు. మెట్లు ఎక్కుతుంటే నేను ముందు, ఆయన వెనక. నేను అప్పుడు జరిగిందంతా ఆపకుండా చెప్పేస్తున్నాను, ఆ అమ్మాయి రాసిన రెండు టెస్టుల గురించి.

సగం మెట్ల దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చొక్కా జేబులోంచి పంపు తీశారు, అంతమంది ఎక్కుతూ దిగుతూ ఉండగా, గోడ వైపు తిరక్కుండా.

"ఆగు," అన్నారు. "నాకు ఊపిరి ఆడట్లేదు."

ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను ఆగమనడం అదే మొదటిసారి. ఆగాను.